వద్దన్నవాడి విస్తరి

నాగలింగంగారికి అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. ఏది అడిగినా "చూద్దాం" అనేవారు. ఆ ఆదివారం ఆశ్రమంలో అన్నదానానికి విస్తళ్ళు పరుస్తుండగా శిష్యుడు సత్తిరాజు అందరికీ వినబడేలా ఒక ప్రశ్న వేశాడు.

"గురువుగారూ, మనిషికి కడుపునిండా పెట్టడం కంటే పెద్ద ధర్మం ఇంకోటి ఉందంటారా?"

అడిగింది ప్రశ్నే గాని, కావలసింది మెప్పు. వడ్డనలో సత్తిరాజును మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఆ సంగతి అందరికంటే ఎక్కువగా సత్తిరాజుకే తెలుసు. గురువుగారు నవ్వి "చూద్దాం" అన్నారు.

గోదావరి జిల్లాల్లో వడ్డన అంటే మాటలు కాదు. అక్కడ "చాలు" అంటే ఇంకాస్త వెయ్యమని, "వద్దు" అంటే బతిమాలమని అర్థం. వద్దనగానే వెనుదిరిగినవాడికి పెట్టడం చేతకాదంటారు. ఆ రోజు పంక్తిలో పేర్రాజు అనే దర్జీ కూర్చున్నాడు. అంత ఎండల్లోనూ పొడుగు చేతుల చొక్కా తొడుక్కొచ్చాడు. నాలుగు ముద్దలు తిని, పప్పుచారు తేగానే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి "వద్దండీ" అన్నాడు. సత్తిరాజుకి పౌరుషం వచ్చింది.

"ఏవండోయ్, మా వంట రుచించలేదా, మా మొహం నచ్చలేదా? ప్రసాదం కాదంటే కళ్ళు పోతాయండోయ్!"

పంక్తి అంతా గొల్లున నవ్వింది. పేర్రాజు మొహం కందిపోయింది. "నిజంగానే వద్దండీ బాబూ" అన్నాడు. అదీ మర్యాదకే అనుకున్నాడు సత్తిరాజు. అడ్డం పెట్టిన చేతి సందులోంచి పప్పుచారు పోశాడు. గ్లాసు నిండా మజ్జిగ పోశాడు. ఆఖరికి అప్పుడే దింపిన బొండాం కొట్టించి, దగ్గరుండి మరీ తాగించాడు. పదిమందిలో మొహమాటపడి పేర్రాజు అన్నీ తాగాడు. పంతం నెగ్గించుకున్న సంతోషంతో సత్తిరాజు తరువాతి విస్తరి దగ్గరికి వెళ్ళాడు.

తెల్లవారేసరికి కబురొచ్చింది. పేర్రాజుకి ఊపిరాడక పట్నం ఆసుపత్రికి తీసుకుపోయారట. గురువుగారు బయలుదేరితే సత్తిరాజూ వెంట నడిచాడు. రోగిని చూడబోతూ వట్టి చేతులతో వెళ్ళకూడదు కదా, ఒక అత్తం అరటిపళ్ళు, రెండు బొండాలు సంచీలో వేసుకున్నాడు.

అక్కడ పేర్రాజు చొక్కా చెయ్యి పైకి మడిచి ఉంది. ముంజేతి మీద నరం తాడులా ఉబ్బి, అందులో రెండు సూదులు గుచ్చి ఉన్నాయి. ఒక గొట్టంలోంచి నెత్తురు యంత్రంలోకి పోతోంది, శుభ్రపడి ఇంకో గొట్టంలోంచి ఒంట్లోకి తిరిగొస్తోంది. గండం గడిచిందన్నారు. భార్య రాఘవమ్మ సంచీలోకి తొంగిచూసింది. సంచీ అందుకుని గది బయట పెట్టి వచ్చింది.

"ఏవీ అనుకోకండి బాబూ. ఈయనకి రెండు కిడ్నీలూ పన్చెయ్యవు. తాగిన నీరు బయటికి పోదు, ఒంట్లోనే ఉండిపోద్ది. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి చేరుద్దంట. వారానికి మూడుసార్లు ఈ మిషనే తోడాలి. శుక్రవారం తర్వాత మళ్ళీ ఇవాళే. అందాకా దాహమేసినా గొంతు తడుపుకోడమేనండి. కొబ్బరినీళ్ళూ అరటిపళ్ళూ అసలు ముట్టకూడదు. వాటిల్లో ఉండే పొటాషియం ఒంట్లో పేరుకుంటే గుండె ఆగిపోద్దన్నారు డాక్టరుగారు."

సత్తిరాజు గొట్టాల వైపు చూశాడు. ఆ యంత్రం తోడుతున్న నీటిలో తాను పోసిందీ ఉంది. భూమి చీలితే దూరిపోదామనిపించింది. అయినా పాడు నాలుక ఊరుకోలేదు.

"జబ్బుందని ఒక్క ముక్క చెప్తే సరిపోయేది కదండీ! తెలిస్తే నేను పోసేవాణ్ణా?"

పేర్రాజు కళ్ళు తెరిచాడు. "జబ్బని తెలిస్తే గుడ్డలెవరిస్తారండి? కుట్టేదాకా ఉంటాడో ఉండడో అంటారు." కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "అయినా వద్దన్నాను కదండీ. రెండుసార్లు."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండునని సత్తిరాజు అనుకున్నాడు. తిట్టినా, నాలుగు తగిలించినా తల ఎత్తుకునేవాడేమో. చేతులు జోడించాడు గాని, క్షమించమనడానికి కూడా మొహం చెల్లలేదు.

తిరుగు బస్సులో సత్తిరాజు తన కుడిచెయ్యి చాపి చూసుకున్నాడు.

"గురువుగారూ, ఈ చేత్తో ఇక జన్మలో గరిటె పట్టనండి."

నాగలింగంగారు కిటికీ వైపు తిరిగి ఉన్నారు. ఇటు తిరగలేదు.

"గరిటె మానడం తేలికేరా" అన్నారు. "నిన్న ఆయన పక్క విస్తరి నాదే. రెండుసార్లు వద్దనడం విన్నాను. విని, నేనూ నవ్వాను."