పడవయ్యకు కొత్త పేరు

ఏటి ఒడ్డున ధరణీపాలుడనే రాజు ఏలుబడి సాగే కాలంలో, ఆయన కొలువులో పడవయ్య అనే మనిషి ఉండేవాడు. వరద రాకను ముందే పసిగట్టి రాజుకు చెప్పడం అతని ఉద్యోగం. రేవులో పడవ నడపడం తాతల నాటి వృత్తి.

ఒకనాడు పొరుగు దేశపు రాయబారి ఆ పేరు విని మూతికి ఉత్తరీయం అడ్డం పెట్టుకుని నవ్వాడు. రాజుకు తల కొట్టేసినట్లయింది.

"ఏమయ్యా, నా కొలువులో కూర్చునేవాడికి పడవ పేరా? నా పేరే నీకిస్తున్నాను. ఇకనుంచి నువ్వూ ధరణీపాలుడివే. కాదన్నావో, కొలువూ లేదు, రేవూ లేదు!"

పడవయ్యకు అది ఊరికే వచ్చిన పేరు కాదు. వాళ్ళింట బిడ్డకు పురిట్లో పేరు పెట్టరు. వరద ఏటిలో ఒంటరిగా పడవ వేసి, అవతలి మనుషుల్ని క్షేమంగా దాటించిన నాడే పెద్దలు 'పడవయ్యా' అని పిలుస్తారు. అందాకా 'అబ్బీ' అనడమే. అతనికి ఆ పిలుపు పంతొమ్మిదో ఏట దక్కింది. తండ్రి పిలిచిన ఆ పిలుపు అతనికింకా గుర్తే.

అతను చేతులు జోడించాడు.

"మహాప్రసాదం ప్రభూ. కానీ పని చేసి చూపించాకే పేరు పెట్టుకోవడం మా ఇంటి ఆచారం. మూడు రోజులు తమ వెంట ఉండి ధరణీపాలుడి పనేమిటో చూస్తాను. నేర్చుకుని పెట్టుకుంటాను."

రాజు మీసం దువ్వాడు. "చూడు, కళ్ళారా చూడు!"

నాలుగో నాడు సభ నిండింది. రాయబారి కూడా వచ్చి కూర్చున్నాడు.

"నేర్చావా నా పని?" అన్నాడు రాజు.

"చూసినంత మటుకు నేర్చాను ప్రభూ. పొద్దెక్కి లేవడం, నలుగు పెట్టించుకోవడం, పొగడ్తలకు తల ఊపడం. ఇవి రేపటికల్లా చేసేయగలను. ఒక్కటే చూడలేకపోయాను."

"ఏమిటది?"

"అవతలి గట్టున కట్ట తెగి ఊళ్ళు మునిగాయని జనం మొన్నటినుంచి కోట వాకిట నిలబడి ఉన్నారు. వాళ్ళ గోడు వినడం కూడా ధరణీపాలుడి పనేనట. అది ఎవరూ చేయగా నేను చూడలేదు, అందుకే నేర్వలేదు. పని రానివాడు ఆ పేరు పెట్టుకోవచ్చునా ప్రభూ?"

"ఎంత పొగరురా నీకు!" అని మంత్రి లేచాడు. రాజు చెయ్యెత్తి ఆపాడు. ఆయన ముఖం ఎర్రబడి, మెల్లగా పాలిపోయింది. చాలాసేపు వాకిలి వైపే చూశాడు.

చివరికి నవ్వాడు, పెద్దగా కాదు.

"నలభై ఏళ్ళుగా నా పేరు చెప్పి పొగిడారే గాని, అందులోని పని నాకెవరూ చెప్పలేదయ్యా."

తన చేతి కంకణం తీసి అతని చేతికి తొడిగాడు. వాకిట ఉన్నవారిని లోపలికి రమ్మని కబురు పంపి, తాను సింహాసనం దిగాడు.

"వీళ్ళ మాట విన్నాక ఆ ఊళ్ళు నేనే చూడాలి. వెళ్ళి పడవ సిద్ధం చెయ్యి, పడవయ్యా!"