అప్పకి లేని చాప

వినేవాళ్ళు దగ్గరికి జరగండి. ఊ కొట్టేవాళ్ళు ఊ కొట్టండి. నవ్వొచ్చిన చోట నవ్వండి, తప్పులేదు. కానీ ఈ కథ విన్నాక తలెత్తుకుని లేచినవాడిని నేనింతవరకూ చూడలేదు. నేనూ లేవలేదు.

మీ ముత్తాతల కాలంలో, ఆవ ఒడ్డున ఒక ఊరుండేది. ఆవ అంటే కనుచూపు మేరా నిలిచిన నీళ్ళు, ఆ నీళ్ళ నిండా తుంగ. మగవాళ్ళు మొలలోతున దిగి తుంగ కోసేవారు. ఆడవాళ్ళు చాపలు నేసేవారు. మగవాడు మగ్గం ముట్టుకుంటే ఆవ ఎండిపోతుందనేవారు. ఏ మగాడూ ముట్టుకుని చూడలేదు. ఎందుకు చూస్తాడు, హాయిగా ఉంటేనూ!

ఆ ఊళ్ళో మనిషికో చాప. పుట్టిన బిడ్డకి జానెడు చాప. ఏటా కొత్త తుంగ రాగానే కొత్త చాప. ఒకరి చాప మీద ఇంకొకరు పడుకోరు. మనిషి పోతే తన చాపలోనే చుట్టి సాగనంపాలి. "సొంత సాప నేనోడు దిక్కు నేనోడు" అని వాళ్ళ సామెత. లేనివాణ్ణి మా వైపు నేనోడు అంటారు.

ఆ ఊళ్ళో ఎర్రయ్యకి నలుగురు పిల్లలు. పెద్దది నూకాలు, పదేళ్ళది. తర్వాత ముగ్గురు మగపిల్లలు: సన్యాసి, అప్పన్న, గురువులు. గురువులు ఇంకా పాకుతుండగానే తల్లి పోయింది.

పదో రోజున ఊరి పెద్దలు వచ్చి కూర్చున్నారు. ఏడేళ్ళ సన్యాసి చేతిలో తుంగకోసే కొడవలి పెట్టి, "ఇంటికి మగదిక్కువిరా, రేపట్నించి మీ అయ్యకి సాయం" అన్నారు. నూకాలు చేతిలో వాళ్ళమ్మ బద్ద పెట్టారు. బద్దంటే, నేసేటప్పుడు తుంగని దగ్గరికి కొట్టే చెక్క. "ఇంక అమ్మవి నువ్వేనే" అన్నారు.

కొడవలి వాడి ముంజెయ్యి కంటే పొడుగుంది. చూసి అందరూ నవ్వారు. వేలు తెగుతుందని భయపడి, "పెద్దయ్యాక ఇద్దాంలే" అని వెనక్కి తీసుకున్నారు.

బద్ద కూడా నూకాలు ముంజెయ్యి కంటే పొడుగే. దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

ఆ రోజునుంచి నూకాలు వండింది. తోమింది. గురువుల్ని ఒళ్ళో వేసుకునే మగ్గం ముందు కూర్చుంది. అయ్యకి చాప నేసింది. సన్యాసికి నేసింది. అప్పన్నకి నేసింది. గురువులుకి జానెడు చాప నేసింది. అందరికీ నేసింది, తనకి తర్వాత అనుకుంది. తుంగ మొదళ్ళు కోసి పారేస్తారే, ఆ ముక్కలు పరుచుకుని పడుకుంది.

మరుసటేడు తనకోసం మగ్గం ఎక్కించింది. సగంలో చుట్టాలొచ్చారు. ఆ చాప వాళ్ళకి పోయింది. నూకాలు తండ్రితో చెప్పింది.

"అయ్యా, నాకు సాప నేదు."

"తుంగుంది, మగ్గముంది. నేసుకోడానికి నిన్ను ఆపినోడెవడే?" అన్నాడు ఎర్రయ్య.

నిజమే, ఎవరూ ఆపలేదు. ఆమె చేతికి ఖాళీ ఇచ్చినవాడూ లేడు.

ఇంకొన్నేళ్ళు పోయాయి. ఎవరైనా నూకాలుకి పెళ్ళి మాట తెస్తే, "తమ్ముళ్ళు సిన్నోళ్ళు, ఇల్లెవరు సూస్తారు?" అన్నారు. తమ్ముళ్ళకి మీసాలొచ్చాక, "ఇంకేం పెళ్ళి, దానికి వయసైపోయింది" అన్నారు. మధ్యలో పెళ్ళీడు ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయిందో ఊళ్ళో ఒక్కరికీ గుర్తులేదు. ఆ మధ్యలోనే సన్యాసి పెళ్ళికి కొత్త కోడలికి చాప కావాల్సొచ్చింది. మళ్ళీ మగ్గం మీదున్న నూకాలు చాపే పోయింది. నూకాలు ఊళ్ళో పెద్ద ముత్తైదువ దాలమ్మతో చెప్పుకుంది.

"అత్తా, నాకు సాప నేదు."

"ఆడపిల్లవి గదే. రేపో మాపో ఇంకో ఇంటికి పోతావు. అక్కడ నేసుకుందువులే" అంది దాలమ్మ.

ఎర్రయ్య పోయాడు. నూకాలు నేసిన చాపలోనే పోయాడు. తమ్ముళ్ళకి పిల్లలు పుట్టారు. జానెడు చాపలు, మూరెడు చాపలు, బారెడు చాపలు. నూకాలు చెయ్యి మంచిదని ఊళ్ళోవాళ్ళు కూడా నేయించుకున్నారు. అందరికీ నేసింది, తనకి తర్వాత అనుకుంది. జుట్టు నెరిశాక గురువులుతో చెప్పింది. తన ఒళ్ళో పెరిగినవాడు కదా, వింటాడనుకుంది.

"తమ్ముడూ, నాకు సాప నేదురా."

గురువులు అన్నం తింటున్నాడు. "వచ్చే యేడు సూద్దాంలే అప్పా" అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటారు.

వచ్చే ఏడు తుంగ వచ్చింది. నూకాలు ఒక పొద్దున మగ్గం ముందు కూర్చుని, ఎవరి పిల్లకో నేస్తూ నేస్తూ పక్కకి ఒరిగింది. మళ్ళీ లేవలేదు.

ఊరంతా వచ్చింది. ఊరిపెద్ద అన్నాడు, "సాప తెండి."

సన్యాసి లోపలికెళ్ళి ఒక చాప తెచ్చాడు. "అది నీది" అన్నాడు పెద్ద. అప్పన్న ఒకటి తెచ్చాడు. "అది నీది." గురువులు ఒకటి తెచ్చాడు. "అది నీదిరా. అప్పదేదీ?"

ముగ్గురూ ఇల్లంతా వెతికారు. ఒకే కప్పు కింద నలభై ఏళ్ళు ఉన్నారు. అప్ప దేనిమీద పడుకుంటుందో ఒక్కడూ చూడలేదు. మగ్గం వెనకాల తుంగ ముక్కల కుప్ప కనిపించింది. మధ్యలో మనిషి ఒరిగిన పల్లం ఉంది. ఊళ్ళో సగం మంది ఆవిడ నేసిన చాపల మీదే పడుకుని లేచి వచ్చారు.

ఆడవాళ్ళు మగ్గం దగ్గరికి కదిలారు. ముసలి దాలమ్మ కర్ర అడ్డం పెట్టింది.

"ఆగండే. ఇంకో ఇంటికి పోతావని ఆ రోజు నానే అన్నాను. పోనిచ్చామా దాన్ని? ఇప్పుడూ ఆడోళ్ళే నేస్తే ఎలాగ? తిని పడుకున్నోళ్ళనే నెయ్యనియ్యండి."

ముగ్గురు తమ్ముళ్ళూ మగ్గం ముందు కూర్చున్నారు. మొదటి తుంగ విరిగింది. రెండోది విరిగింది. మూడోది విరిగింది. నేసేముందు తుంగని తడపాలని కూడా వాళ్ళకి తెలీదు. గురువులు అలవాటుగా వెనక్కి తిరిగాడు. "అప్పా, ఇది ఎలాగే..." అని నోరు జారాడు. అప్ప నేలమీద ఉంది. అప్పుడు ఏడ్చాడు, అరవై ఊళ్ళకి వినపడేలా.

ఎవరో తుంగ తడిపి ఇచ్చారు. ముగ్గురూ నేశారు. వేళ్ళు కోసుకుపోయాయి. చాప ఒక పక్క బిగుతు, ఒక పక్క వదులు, అంచు వంకర. పొద్దు వాలిపోతోంది. ఇంక ఆగడానికి లేదు. అందులోనే చుట్టారు. మూరెడు తక్కువైంది. పాదాలు బయటికి ఉండిపోయాయి. నెర్రెలిచ్చిన ఆ పాదాల్ని తమ్ముళ్ళు ఆ రోజే చూశారు. అలాగే మోసుకెళ్ళారు.

ఆవ ఎండిపోలేదు. ఈనాటికీ నీళ్ళున్నాయి.

ఇప్పటికీ ఆ ఒడ్డున కొత్త తుంగ రాగానే, మొదటి చాప ఇంటి ఆడపిల్లకి. నేసేది అన్నదమ్ములు. అది ఎంత బాగా వచ్చినా, ఒక అంచు వంకరగానే వదిలేస్తారు. ఇంట్లో తల్లి పోతే పదో రోజున బద్దని ముందుగా కొడుకు చేతిలో పెడతారు. ఊరిపెద్ద మూడుసార్లు అడుగుతాడు, "ఈ ఇంట్లో సాప నేనిదెవరికి?" అని. ఇంట్లో మగవాళ్ళు లెక్క చూసి జవాబు చెప్పేదాకా ఎవరూ విస్తరి ముందు కూర్చోరు.

ఈ కథ చెప్పినవాడు ఇంటికెళ్ళి చాపలు చూసుకోవాలని కూడా ఒక ఆచారం ఉంది. నేను గురువులు మునిమనవణ్ణి. ఈ కథ ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను. చూసుకున్నది మాత్రం మొన్ననే. మా ఇంట్లో ఆరుగురం. చాపలు ఐదు.

ఇదిగో, నా వేళ్ళు చూడండి. ఇంకా మానలేదు.