అడిగిన కొద్దీ తరిగిపోయిన టోకెన్లు

బెన్హర్ మాష్టారిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పడం ఆయన వంశంలోనే లేదు. చెప్పులేసుకుని "పద" అంటారు, అంతే. పాలకొల్లులో కంప్యూటరు పాఠాలు చెప్పి రిటైరైన ఆ మనిషి, శిష్యుల ప్రశ్నల వెంట నడిచిన దూరమంతా కలిపితే తుని నుంచి తడ దాకా నాలుగుసార్లు పోయి రావచ్చు.

ఆ ఉదయం శిష్యురాలు కుసుమ అడిగింది. "మాష్టారూ, క్లాసంటే అచ్చు, ఆబ్జెక్టంటే ఆ అచ్చులోంచి తీసిన బొమ్మ. అక్కడిదాకా తెలిసింది. మరి అచ్చునే నేరుగా అడగడానికి క్లాస్ మెథడ్ అని వేరే దేనికండీ? కావలసినప్పుడు ఓ బొమ్మ తీసి, దాన్ని అడిగి, అవతల పారేస్తే పోలా?"

మాష్టారు గడ్డం గోక్కున్నారు. "ఇవాళ మీ కంటి శిబిరం కదూ? పద."

కుసుమకి కాస్త గర్వంగానే అనిపించింది. కల్యాణమండపంలో పెట్టిన ఆ ఉచిత శిబిరానికి టోకెన్ల ప్రోగ్రాం రాసింది తనే మరి. పెద్దలకి రెండు వందల టోకెన్లు, పిల్లలకి వంద. డాక్టరమ్మ ఉండేది ఒక్కరోజే. ఇవాళ తప్పిందంటే మళ్లీ ఏడాదికే.

మండపం ముందు సగం జిల్లా నిలబడి ఉంది. వరుస మధ్యలోంచి పేరంటాలమ్మ అనే ముసలామె, వలలు అల్లే మనిషి, కిటికీలో కూర్చున్న గుమస్తా సుబ్బారాయుడిని దులిపేస్తోంది.

"రెండు రేవులు దాటొచ్చాను బాబూ! ముడి కనపడక వలకి బదులు నా కొంగే అల్లేసుకుంటన్నాను. నా వంతు దాకా ఉంటాయా, ఉండవా?"

"చూసి చెబుతానుండమ్మా," అని అతను కంప్యూటరు మీట నొక్కాడు. "పెద్దలవి పంతొమ్మిదే ఉన్నాయి."

కుసుమ పైప్రాణాలు పైనే పోయాయి. ఇంకా తొమ్మిదన్నా కాలేదు. లోపలికి తొంగి చూసి లెక్కపెడితే టోకెను పట్టుకు కూర్చున్న పెద్దవాళ్లు నలభై ఒక్కరు. మిగతావన్నీ ఏ ఏట్లో కలిశాయి?

"నువ్వూ ఓసారి అడుగు," అన్నారు మాష్టారు.

అడిగింది. సుబ్బారాయుడు నొక్కి చూసి, "పద్దెనిమిది," అన్నాడు.

"మళ్లీ అడుగు."

"పదిహేడండీ."

ఈ మధ్యలో ఒక్కరికీ టోకెను ఇచ్చింది లేదు. కుసుమకి అప్పుడు వెలిగింది. ఎన్ని మిగిలాయో తెలుసుకోవడానికి తన ప్రోగ్రాం ప్రతిసారీ కొత్త టోకెనొకటి పుట్టిస్తోంది, దాన్ని అడుగుతోంది, పారేస్తోంది. పారేసినది మళ్లీ లెక్కలోకి రావడం లేదు. పొద్దుట్నుంచీ వరుసలో ఎన్నిసార్లు అడిగారో అన్ని టోకెన్లూ అలాగే పోయాయి.

"ఎవరూ ఏమీ అడక్కండి!" అని ఒక్క కేక పెట్టింది. ఆ కేకకి మండపం మీది పావురాలు లేచిపోయి నరసాపురంలో వాలాయి.

"అడగొద్దా?" అంది పేరంటాలమ్మ. "మా అత్తగారు కూడా నన్నింత మాట అనలేదే!"

సుబ్బారాయుడిని లేపి కుసుమ ఆ కుర్చీలో కూలబడింది. పది నిమిషాల్లో పది జన్మల చెమట కారింది. ఇంకెన్ని ఉన్నాయన్న సంగతి ఒక టోకెనుకేం తెలుసు? తెలియాల్సింది వాటిని పుట్టించే అచ్చుకి. అందుకని కిటికీ దగ్గరి కంప్యూటరుకి ఇకమీదట టోకెను కాక, పెద్దలదో పిల్లలదో ఆ అచ్చునే అందించింది. ఎన్నున్నాయో అచ్చే చెబుతుంది. వంతు వచ్చి మనిషి చెయ్యి చాపితేనే అందులోంచి కొత్త టోకెను పుడుతుంది. ఊరికే పోయినవన్నీ తిరిగి లెక్కలో వేసింది.

"నూట యాభై తొమ్మిది," అన్నాడు సుబ్బారాయుడు, తన కళ్లే శిబిరంలో చూపించుకోవాలన్నట్టు.

పేరంటాలమ్మ నమ్మలేదు. మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ అదే మాట. వంతు వచ్చి టోకెను కొంగున ముడేసుకున్నాక గానీ ఆవిడ నవ్వలేదు. నవ్వితే ఊరంతటికీ వినపడింది. సాయంత్రానికి వచ్చినవాళ్లందరినీ చూసి, ఇంకా టోకెన్లు మిగిలితే, డాక్టరమ్మ గేటు కాపలా అతన్ని కూడా పిలిచి అద్దాలు రాసింది.

కుసుమ కడివెడు మజ్జిగ తాగి మెట్టు మీద కూర్చుంది. ఊపిరి ఇప్పుడే దొరికినట్టుంది.

"ఒక్క మాట అడగడానికి ఒక్క టోకెనేగా అనుకున్నానండీ, మాష్టారూ."

ఖాళీ అవుతున్న మండపం కేసి చూస్తూ ఆయన అన్నారు. "ఊరికే అడగడానికని పుట్టించినదానికి కూడా, అమ్మాయ్, కూర్చోవడానికి ఎవరిదో ఒక కుర్చీ కావాలి."