తీరికైన ఇల్లు

హిమజ తీర్చిదిద్దిన ఇంట్లో ఎంత వెతికినా తప్పు దొరకదు. ఆమెకొచ్చిన చిక్కల్లా అదే. తప్పు దొరకని ఇంటిని చూసి గురువుగారు ఏం మాట్లాడతారు?

గురువుగారంటే వరాలమ్మ. విజయనగరం చుట్టుపక్కల పాత పెంకుటిళ్లను బాగుచేయడంలోనూ, కొత్త ఇళ్లకు పల్లెటూరి కళ తేవడంలోనూ ఆమె తర్వాతే ఎవరైనా. ఆడది గోడల దగ్గరికొచ్చి ఏం చేస్తుందని నవ్విన మేస్త్రీలే తర్వాత ఆమె కనబడితే బీడీ ఆర్పి లేచి నిలబడేవారు.

శిష్యురాలు ఒంటరిగా ఒక ఇల్లు పూర్తి చేస్తే వరాలమ్మ ఆ ఇంటికి భోజనానికి వస్తుంది. అన్నం తింటే ఆ పిల్ల ఇక సొంతంగా పని పట్టుకోవచ్చు. తినకుండా వెళ్లిపోతే మళ్లీ వచ్చి సున్నం కలుపుకోవాల్సిందే. ఎందుకని అడగడానికి లేదు.

ఇల్లు దమయంతిది. నర్సుగా ఉద్యోగమంతా నిలబడే చేసి రిటైరైన మనిషి. చిన్నప్పుడు అమ్మమ్మ ఇంట్లో అడుగు పెడితే ఎక్కడలేని తీరికా వచ్చేసేదనీ, తనకు అలాంటి ఇల్లే కావాలనీ అడిగింది. హిమజ ఆమె పక్కన కూర్చుని జ్ఞాపకాలన్నీ చెప్పించుకుంది. చెప్పినవి చెప్పినట్టు ఇంట్లోకి దించింది.

ఎర్రగచ్చు నేల. తెల్లటి గోడల కింద జాజు పట్టీ. చిలక్కొయ్యకు తాటాకు బుట్ట. మంచం మీద పాత చీరలతో కుట్టిన బొంత. ఇత్తడి మరచెంబులో తంగేడు పూలు, అవీ ఏదో దారిన పోతూ ఎవరో పెట్టి మరిచిపోయినట్టు. అలా మరిచిపోయినట్టు కనబడటానికి హిమజ ఒక పూటంతా కష్టపడింది.

అమ్మమ్మ ఇంట్లో వసారాకీ వంటగదికీ మధ్య గోడ ఉండేదట. ఈ ఇంట్లో లేదు. హిమజ మట్టి ఇటుకలతో ఆ గోడ కట్టించి, తన చేతులతో మెత్తి, సున్నం వేసింది. వసారాలో తాతగారిది లాంటి వాలుకుర్చీ, కాళ్లు పెట్టుకోవడానికి పొడుగాటి చేతులున్నది. వంటగదిలో అమ్మమ్మది లాంటి పీట. దాని ముందు నేల మీద మట్టిపొయ్యి. గ్యాసు పొయ్యిని ఆ మట్టిగట్టు లోపల ఎవరికీ కనబడకుండా అమర్చింది. చూసినవాళ్లంతా ఫోటో తీసుకున్నది ఆ పొయ్యినే.

వరాలమ్మ వచ్చేసరికి దమయంతి భర్త జోగారావు వాలుకుర్చీలో ఉన్నారు. ఆ కుర్చీలోంచి లేవడం అంత తేలిక కాదు గనక పడుకునే నమస్కారం పెట్టారు. రిటైరైన జీవితమంటే ఇదీ అన్నారు. పాతకాలం వాళ్లకు బతకడం తెలుసన్నారు. నిజమే, అలాంటి కుర్చీల్లో తాతలు దేశం గురించి చాలా ఆలోచించారు. కాఫీ ఎక్కణ్ణించి వస్తోందో మాత్రం ఆలోచించలేదు.

వరాలమ్మ ఆగకుండా వంటగదిలోకి నడిచింది. వెనకాలే హిమజ, గోడల గురించి, నేల గురించి చెప్పుకుంటూ.

దమయంతి పీట మీద కూర్చుని వంకాయ కూర కలుపుతోంది. పెద్దావిడ రాగానే లేవబోయింది. మోకాలు సాయం రాలేదు. పక్కనున్న గోడకు అరచెయ్యి ఆనించి, బరువంతా దాని మీద వేసి లేచింది. తెల్లటి సున్నం మీద సరిగ్గా అక్కడే ఒక నల్లటి మరక అప్పటికే పడి ఉంది.

హిమజ ఆ మరక ముందే చూసింది. తొందరగా అంది, రేపే దానిమీద ఇంకో పూత వేయిస్తానని.

వరాలమ్మ దమయంతి చేతిలోంచి గరిటె తీసుకుని పీట మీద కూర్చుంది. కూర కలపడం మొదలుపెట్టింది.

వసారాలోంచి జోగారావు పిలిచారు, గాలి బాగుంది, ఇటొచ్చి కూర్చోండని. వరాలమ్మ గరిటె తిప్పుతూనే ఉంది. వాళ్ల తాతగారి కాలంలో ఇంటికి ఎంతమంది వచ్చిపోయేవారో ఆయన చెబుతున్నారు. గోడ ఇవతలికి సగం మాటలే వస్తున్నాయి. మిగతా సగం రాకపోయినా నష్టం లేదు.

హిమజ కంగారుగా ముందుకు వంగింది. "అమ్మా, మీరు కింద కూర్చోవడమేమిటి? అక్కడ కుర్చీ ఉంది."

"ఈ పీట ఎవరిది?"

"దమయంతిగారి అమ్మమ్మగారు ఇలాగే, ఇక్కడే కూర్చునేవారటమ్మా. అంగుళం తేడా లేకుండా పెట్టాను."

వరాలమ్మ మంట తగ్గించి దమయంతి వైపు తిరిగింది. "మీ అమ్మమ్మ కాళ్లు చాపుకుని ఉండగా ఎప్పుడైనా చూశావా, తల్లీ?"

దమయంతి ఆలోచించింది. చిన్నప్పటి సెలవులన్నీ వెతుక్కుంటున్నట్టు చాలాసేపు ఆలోచించింది.

"చూశానమ్మా," అంది చివరికి. "పాడె మీద."

కూర దగ్గరపడింది.

వరాలమ్మ పొయ్యి ఆర్పింది. లేపడానికి హిమజ చెయ్యి చాపింది. గురువుగారు ఆ చెయ్యి పట్టుకోలేదు. గోడ మీది మరక మీద తన అరచెయ్యి పెట్టి, మెల్లిగా లేచి, వాకిట్లోకి వెళ్లి చెప్పులు తొడుక్కుంది.

"అమ్మా, భోజనం..." హిమజ వెనకాలే వచ్చింది.

"ఆకలిగానే ఉందే. కూర్చోడానికి చోటు దొరకలేదు."

అని మునగ చెట్టు పక్కన నిలబడింది. వెళ్లనూ లేదు, లోపలికి రానూ లేదు.

హిమజకు ముందు కోపం వచ్చింది. ఇంత చేశాక ఒక పీట దగ్గరా తప్పు పట్టడం? వంటగదిలోకి తిరిగొచ్చి గోడ వైపు చూసింది. ఆ మరక ఎంత ఎత్తులో ఉందో చూసింది. దాని అవతల వాలుకుర్చీ కిర్రుమంటోంది.

వసారాలోకి వెళ్లి జోగారావుగారిని కాస్త లేవమంది. ఆయన లేచేదాకా నిలబడి, కుర్చీ ఎత్తుకుని వచ్చింది. వంటగది గుమ్మం దగ్గర అది ఇరుక్కుంది. అడ్డంగా తిప్పింది, నిలువుగా తిప్పింది. అమ్మమ్మ ఇంటి గుమ్మం ఎంత ఇరుకో ఇదీ అంతే ఇరుకు. కుర్చీ ఆ గుమ్మంలోంచి వంటగదిలోకి పోదు. ఎవరూ తీసుకెళ్లాలనుకోలేదు గనక ఆ ఇంట్లో ఆ సంగతి ఎప్పుడూ తెలియలేదు.

కుర్చీ దించి పెరట్లోకి వెళ్లి గునపం తెచ్చింది.

"దమయంతిగారూ, గోడ పగలగొడతాను."

"గోడా? ఇప్పుడా? సున్నం ఆరి పక్షం కాలేదు కదమ్మా," జోగారావు అడ్డొచ్చారు. "అందరూ మెచ్చుకున్న ఇల్లు."

దమయంతి భర్తని చూడలేదు. కూరగిన్నె మీద మూత పెట్టి పక్కకి జరిపింది. "కొట్టమ్మా," అంది.

తను మెత్తిన గోడ ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ వదులుగా ఉందో హిమజకు తెలుసు. మరక ఉన్న చోటే మొదటి దెబ్బ వేసింది. మట్టి ఇటుకలు ఒక్కొక్కటే రాలాయి. బొంత మీద దుమ్ము. తంగేడు పూల మీద దుమ్ము. ఎర్రగచ్చంతా తెల్లబడింది. వసారా గాలి మొదటిసారి వంటగదిలోకి వచ్చింది.

మట్టిగట్టులోంచి గ్యాసు పొయ్యి బయటికి తీసి, నిలబడి వండుకునే ఎత్తులో బల్ల మీద పెట్టింది. వాలుకుర్చీ తెచ్చి కిటికీ పక్కన వేసింది. దమయంతి అందులో కూర్చుంది గానీ ముందు అంచు మీదే. ఎవరో పిలిస్తే లేవాలన్నట్టు. కాసేపటికి వెనక్కి వాలింది. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, కాళ్లెత్తి ఆ పొడుగాటి చేతుల మీద పెట్టింది.

వరాలమ్మ చెప్పులు విడిచి లోపలికొచ్చింది. ఇటుకల కుప్ప మీద కొంగు పరిచి కూర్చుని కంచం పెట్టమంది.

"మరి నేనెక్కడ కూర్చోవాలండీ?" అడిగారు జోగారావు.

"మీరు వడ్డిస్తున్నారు కదా."

ఆయన వడ్డించారు. అలవాటు లేని పని గనక పప్పు మీద మళ్లీ పప్పే వేశారు. వరాలమ్మ అన్నీ తింది. మారు అన్నం అడిగి వేయించుకుంది.

హిమజ నిలబడే ఉంది. జుట్టంతా సున్నం, చీరంతా మట్టి. ఇంత పాడైన ఇంట్లో ఇంత నిటారుగా ఆమె ఎప్పుడూ నిలబడలేదు. అయినా ఊరుకోలేకపోయింది. ఈ శిథిలమంతా ఎత్తించేసి, అంచులు మెత్తించి, మళ్లీ రమ్మంటాననీ, ఇల్లు అప్పుడు చూద్దురుగాననీ ఏదో చెప్పబోయింది.

వరాలమ్మ ఎంగిలి చెయ్యి ఎత్తి ఆపింది. కళ్లతో కిటికీ వైపు చూపించింది. వాలుకుర్చీలో దమయంతి నోరు కొద్దిగా తెరుచుకుని నిద్రపోతోంది.

"మెల్లగా మాట్లాడు," అంది వరాలమ్మ. "ఇల్లు ఇప్పుడే పూర్తయింది."