తిప్పమ్మ నేసిన పట్టీ

అనగనగా ఒక అడవిలో, నీళ్ళు పారే వంక మీదికి వాలిన మద్దిచెట్టు కూలిపోయిన ఏడు జరిగిన సంగతి ఇది, పిల్లలూ.

ఆ అడవిలో తిప్పమ్మ అనే ఉడత ఉండేది. ఒక్కచోట నిలవదు, ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. అందుకే అందరూ దాన్ని తిప్పమ్మ అన్నారు. తినేటప్పుడు తిరిగేది. మాట్లాడేటప్పుడు తిరిగేది. నిద్రలో కూడా దాని తోక తిరిగేదట.

తిప్పమ్మ ఇల్లు వంకకు అవతలి గట్టున, ఒక చింతచెట్టు తొర్రలో. దానికి ఇద్దరు పిల్లలు. ఒకరోజు పిల్లల్ని వాళ్ళ పెద్దమ్మకు అప్పజెప్పి, సీతాఫలాల కోసం ఇవతలి గట్టుకు వచ్చింది. వంక మీదికి వాలిన మద్దిచెట్టే దానికి వంతెన. పండు ఇంకా సగం కూడా తినలేదు, కొండ మీద పెద్ద వాన పడింది. వంక పొంగింది. మద్దిచెట్టు వేళ్ళతో సహా లేచి కొట్టుకుపోయింది.

ఇంకేముంది! తిప్పమ్మ ఈ గట్టున, పిల్లలు ఆ గట్టున. మధ్యలో ఎర్రనీళ్ళు.

తిప్పమ్మ గట్టు మీద అటు పరిగెత్తింది. ఇటు పరిగెత్తింది. చెట్టెక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది.

"ఏమే, తిరిగితే తిరిగావు గానీ నా దారాలు తొక్కకు," అని ఎవరో కసిరారు.

ఓబులమ్మ అనే ముసలి ఏదుపంది. తన గుహ ముందు కూర్చుని పట్టీ నేసుకుంటూ ఉంది. గోగునార దారాలు పొడుగ్గా సాగదీసి, ఒక కొస రేలచెట్టు వేరుకు కట్టింది. రెండో కొస తన నడుముకే కట్టుకుంది. ఆ మధ్యలో రెండు వేళ్ళ వెడల్పున పట్టీ పెరుగుతూ ఉంది.

"అవ్వా, వంక ఎప్పుడు తగ్గుతుంది?" అంది తిప్పమ్మ.

"వంక నడుమ మూడు బండలున్నాయి. ఇప్పుడు మునిగి ఉన్నాయి. మూడూ బయటపడితే నీలాంటిది గెంతుకుంటూ పోవచ్చు. రెండు కనబడితే పోకూడదు. మూడూ కనబడాలి."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"వంకను అడుగు."

"అవతల మా అక్క దగ్గరున్న నా చిన్నోడు నా తోక కప్పకపోతే నిద్రపోడు అవ్వా!"

"మీ అక్కకు తోక లేదా?"

"ఉంది. అది నా తోక కాదు కదా!"

ఓబులమ్మ మెల్లగా తన నడుముకున్న కొస విప్పింది. తిప్పమ్మ నడుముకు కట్టింది.

"ఇదేంది అవ్వా, నన్ను కట్టేస్తావా?"

"కట్టెయ్యడం లేదు, నేర్పిస్తున్నా. సగం దారాలు పైకి ఎత్తు. ఇదిగో దారం చుట్టిన నా ముల్లు, దీన్ని ఆ సందులో దూర్చు. ఈ చెక్కతో కొట్టు. ఎత్తు, దూర్చు, కొట్టు. అంతే పని. నువ్వు ముందుకు జరిగావంటే దారాలన్నీ వదులైపోతాయి. కుదురుగా ఉండాలి."

"దీంతో ఏం చేస్తావు? మంచానికా? మూట కట్టడానికా?"

"ఏమీ చెయ్యను. ఊరికే నేస్తాను."

"ఎందుకు?"

"బాగుంటుంది."

తిప్పమ్మకు ఒళ్ళు మండింది. వంక అలా పొంగుతుంటే బాగుండడం ఏమిటి? అయినా వేరే పని లేదు. ఎత్తింది, దూర్చింది, కొట్టింది. కోపం కోపంగా లాగింది. రెండు వేళ్ళ పట్టీ కాస్తా సన్నగా అయిపోయింది.

"ఎలుక తోక నేస్తున్నావా?" అంది ఓబులమ్మ.

అప్పుడే గాలిలో ఎక్కడినుంచో కిచకిచమని వినబడింది. "నా చిన్నోడు ఏడుస్తున్నాడు!" అంటూ తిప్పమ్మ పళ్ళతో దారాలు పటపటా కొరికేసి వంకలో దూకింది.

నీళ్ళు దాన్ని మూడు పల్టీలు కొట్టించాయి. ముక్కులో నీళ్ళు, నోట్లో మట్టి. ఎలాగో ఒక పొద చేతికి చిక్కింది. పాక్కుంటూ, వణుక్కుంటూ వెనక్కి వచ్చింది.

"అది గోరింక అరుపు," అంది ఓబులమ్మ. "పద్దెనిమిది దారాలు తెంపావు. ఒక్కొక్కటీ ముడేసుకో."

తడిచేతులకు నార అందదు. అందితే జారుతుంది. పద్దెనిమిది ముళ్ళు వేసేసరికి పొద్దు గుంకింది. తిప్పమ్మ పుట్టి బుద్ధెరిగాక అంతసేపు కూర్చోవడం అదే మొదలు.

మర్నాడు ఒక బండ బయటపడింది. ఒక్కటే.

ఓబులమ్మ మోదుగుపూల రంగు వేసిన దారం ఒకటి తెచ్చి మధ్యలో చేర్చింది. తిప్పమ్మ ఎత్తింది, దూర్చింది, కొట్టింది. నారింజ దారం ఒకసారి మునిగింది. ఒకసారి తేలింది. మళ్ళీ మునిగింది, మళ్ళీ తేలింది. చూస్తూ చూస్తూ ఉండగానే పట్టీ నడుమ నారింజ చుక్కల చీమలబారు బయలుదేరింది!

"అవ్వా, చీమలు! చూడు, నడుస్తున్నాయి!"

"నడవనీ. నువ్వు ఆపకు."

తిప్పమ్మ ఆపలేదు. ఇంకో చీమ వస్తుందా అని చూసింది. వచ్చింది. ఆ తర్వాతది వస్తుందా? అదీ వచ్చింది. అంచులు చక్కగా నిలిచాయి. చెక్క టక్కు టక్కుమంటుంటే దానికి లోపల ఎక్కడో చక్కిలిగింత పెట్టినట్టయింది. తోక కూడా తిరగడం మానేసింది.

ఉన్నట్టుండి ఉలిక్కిపడింది. "అయ్యో! నా పిల్లల్ని మరిచిపోయానే! ఎలాంటి తల్లిని నేను!"

"మరిచిపోలేదులే," అంది ఓబులమ్మ. "నీ మనసు తిరిగీ తిరిగీ కాసేపు కూర్చుంది. మళ్ళీ లేచింది కదా, చూడు."

నిజమే, లేచింది. మధ్యాహ్నానికి రెండో బండ తేలింది. సరిగ్గా అప్పుడే కోతి నల్లప్ప ఒక దుంగను ఈడ్చుకుంటూ వచ్చాడు.

"తిప్పక్కా! ఎక్కు, ఆ గట్టున దింపుతా. ముసలమ్మ కట్టేసిన మేకలాగ కూర్చున్నావేంది?"

"నా పిల్లలు ఆ గట్టునే ఉన్నారు నల్లప్పా..."

"అందుకే కదా రమ్మంటున్నా! వాళ్ళక్కడ ఏడుస్తుంటే నువ్విక్కడ రిబ్బను నేస్తావా?"

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. తిప్పమ్మ తల వంచి దారాలకు పళ్ళు ఆనించింది. పెదవికి గరుగ్గా ఏదో తగిలింది. నిన్న వేసిన ముళ్ళు. నోట్లోకి మళ్ళీ మట్టి రుచి వచ్చినట్టయింది. తలెత్తి వంక వైపు చూసింది.

"రెండే ఉన్నాయి," అంది.

"రెండుకూ మూడుకూ ఏం తేడా అక్కా?"

"ఒక బండ తేడా."

నల్లప్ప పకపకా నవ్వి దుంగ ఎక్కాడు. తిప్పమ్మ కాళ్ళు దాని మాట వినడం లేదు. పరిగెత్తు పరిగెత్తు అంటున్నాయి. కళ్ళు గట్టిగా మూసుకుని ఎత్తింది, దూర్చింది, కొట్టింది. కళ్ళు తెరిచేసరికి నడివంకలో దుంగ గిర్రున తిరుగుతోంది. నల్లప్ప ఒకసారి పైన, ఒకసారి కింద. మూడు మలుపుల అవతల రేగుపొదలో తేలాడు. ప్రాణం దక్కింది గానీ ఒళ్ళంతా ముళ్ళు. రెండు రోజులు కూర్చోలేక నిలబడే తిన్నాడు.

మూడోనాడు తెల్లారింది. మూడో బండ నాచు వీపుతో పైకి వచ్చింది.

"అవ్వా!" అని అరిచి తిప్పమ్మ పళ్ళు బయటపెట్టింది.

"తెంపకే! విప్పుకో," అంది ఓబులమ్మ. నేసినంతవరకూ చుట్టచుట్టి, మిగిలిన దారాలు, ముల్లు, చెక్క కలిపి దాని చంకలో పెట్టింది. "తీసుకుపో. నాకు ఇంకో పట్టీ ఉందిలే, మొదలుపెట్టాలి."

ఒక గెంతు, రెండు గెంతులు, మూడు గెంతులు. చింతచెట్టు! తొర్ర! పిల్లలిద్దరూ తల్లి మీద పడ్డారు. చిన్నోడు ఒక్కమాట కూడా మాట్లాడకుండా తోక లాక్కుని కప్పుకున్నాడు.

కాసేపటికి తోక కిందనుంచి చెయ్యి బయటపెట్టి పట్టీని తడిమాడు.

"అమ్మా, ఇక్కడెందుకు ఇంత సన్నగా ఉంది?"

"అక్కడ నేను మీకోసం ఏడుస్తూ గట్టిగా లాగాను."

"ఈ ముళ్ళు?"

"అక్కడ నేను వంకలో దూకాను."

"ఇక్కడ చీమలు బాగున్నాయి. ఇక్కడేం చేశావు?"

"అక్కడ..." తిప్పమ్మ సిగ్గుపడింది. "అక్కడ కాసేపు కూర్చున్నాను."

"తిప్పమ్మ కూర్చుందా!" అంది వాళ్ళ పెద్దమ్మ. "అందుకే కాబోలు వంక కూడా ఆగిపోయింది!"

చిన్నోడు లేచాడు. అమ్మ చెప్పినట్టే ఒక కొస తొర్ర పక్క కొమ్మకు కట్టాడు. రెండో కొస తన బుజ్జి నడుముకు చుట్టుకున్నాడు.

"దీంతో ఏం చేస్తారమ్మా?"

"ఏమీ చెయ్యరు నాన్నా," అంది తిప్పమ్మ, దారం చుట్టిన ముల్లు వాడి చేతికిస్తూ. "ఎత్తు. దూర్చు. కొట్టు."

నీతి: మనసు నిలవకపోతే దాన్ని తిట్టకండి, చేతికి ఇష్టమైన చిన్న పని ఒకటి ఇవ్వండి, చెయ్యి కుదురుకుంటే మనసు తానే వచ్చి పక్కన కూర్చుంటుంది.