తెర బయట తెరవబోయిన ఫైలు

కాకినాడ దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేసే సుభాషిణికి, కంప్యూటరులో ఏ హెచ్చరిక కనిపించినా చదవకుండా 'సరే' నొక్కేసే అలవాటు ఉండేది.

ఆ ఫ్యాక్టరీలో రొయ్యలను గడ్డకట్టించే అమోనియా గొట్టం కారుతూ ఉండేది. ఆ ఘాటుకు ఇద్దరు ఆడవాళ్లు కళ్లు తిరిగి పడిపోయారు. యజమాని గొట్టం బాగుచేయించలేదు సరికదా, "బయట నోరెత్తినవాళ్లకు ఇక్కడ పని లేదు" అన్నాడు. అన్నావదినల ఇల్లు నడిచేది సుభాషిణి జీతం మీదే. అయినా ఆమె ఊరుకోలేకపోయింది. పేరు చెప్పకుండా, కార్మికులు ఫిర్యాదులు పెట్టే వెబ్‌సైటులో సంగతంతా రాసింది.

అందుకు ఒక ప్రత్యేకమైన బ్రౌజరు వాడింది. అదెలా పనిచేస్తుందంటారా? మీరు ఒక చీటీని ఒకరికిచ్చి, వారి ద్వారా ఇంకొకరికి, అక్కడి నుంచి మూడోవారికి పంపారనుకోండి. అందుకున్నవారికి ఆ మూడో చెయ్యే కనిపిస్తుంది, మీరు కనిపించరు. అయితే ఆ చేతుల మీదుగా వెళ్లినదానికే ఆ మరుగు. అది మరవకండి.

మర్నాడు సాయంత్రం ఆ ఫిర్యాదు కిందే జవాబు వచ్చింది. "మేం విలేకరులం. మీకు సాయం చేస్తాం. ఈ ఫైలు తెరిచి చూడండి" అని ఉంది. సుభాషిణి సంబరపడి ఫైలు దించుకుంది. వెంటనే ఏదో హెచ్చరిక వచ్చింది. ఆమె వేలు 'సరే' మీదకు పోయింది.

పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న వదిన కనకరత్నం, "ఆగమ్మాయ్! ఏం రాశారో చదవనీ" అంది.

"నీకు పకోడీల పొట్లం కాగితమైనా చదవాల్సిందే కదా వదినా!"

"చదువుతాను. నీ సొమ్మేం పోయింది?" అంటూ కనకరత్నం కూడబలుక్కుని పైకి చదివింది. "ఈ ఫైలును వేరే అప్లికేషనులో తెరిస్తే... అది నేరుగా ఇంటర్నెట్టుకు వెళ్లి... మీరెవరో బయటపెట్టవచ్చు. నెట్టు ఆపి తెరవండి."

"నేరుగానా? మధ్యలో ఆ చేతులేవీ లేకుండానా?" సుభాషిణి చటుక్కున వేలు వెనక్కి తీసుకుంది. కనకరత్నం లేచి నెట్టు వైరు పీకేసింది.

అప్పుడు ఫైలు తెరిచారు. అందులో ఒక ఖాళీ గడి ఉంది. 'ఈ బొమ్మను తేలేకపోయాం' అని ఉంది. బొమ్మ ఎక్కడి నుంచి రావాలో ఆ ఇంటర్నెట్టు చిరునామా కూడా కింద ఉంది. అది సుభాషిణి పనిచేసే ఫ్యాక్టరీదే! ఫైలు పంపింది విలేకరులు కాదు, యజమాని మనుషులు. నెట్టు ఉండి ఉంటే, ఆ బొమ్మ కోసం ఫైలు ఈ ఇంటి ఆనవాలు పట్టుకుని తిన్నగా ఫ్యాక్టరీ తలుపే తట్టేది.

ఫైలు చెరిపేశాకే వైరు మళ్లీ పెట్టారు.

ఫిర్యాదు చూసి అధికారులు వచ్చారు. యజమాని చేత కొత్త గొట్టం వేయించారు. "ఎవరు రాశారో గానీ, ఆ తల్లి చల్లగా ఉండాలి" అనుకున్నారు ఆడవాళ్లందరూ. సుభాషిణి ఇంటికి వచ్చి ఆ మాట చెప్పి, వదిన చేతులు పట్టుకుంది.

"ఈ దీవెన నీదే వదినా. నువ్వు చదవబట్టి బతికాను."

"సగం నువ్వుంచుకో" అంది కనకరత్నం. "రాసింది నువ్వేగా!"

చూశారా పిల్లలూ! మనల్ని మరుగుపరిచే సాధనం ఎంత మంచిదైనా, అది చెప్పే జాగ్రత్త వినకపోతే మన ముసుగు మన చేత్తోనే తీసేసుకున్నట్టు. అందుకే హెచ్చరికను చివరిదాకా చదవాలి, "ఆగు" అని ఆపినవారికి రుణపడి ఉండాలి.