తిమింగలం పాట మధ్యలో ఎందుకు ఆగుతుంది

ఒకప్పుడు తిమింగలాలు ఒడ్డు పక్కనే ఉండేవి. చెరువులో గేదెలు పడుకున్నట్టు అలల వెనకాల వీపులు తేల్చి పడుకునేవి. ఆడవాళ్లు ఇసుక మీద నెత్తళ్ల చేపలు ఆరబెడుతూ తలెత్తితే చాలు, కనపడేవి. ఇప్పుడెవరికైనా ఈ మాట చెబితే కోతలు కోయకంటారు. నమ్మే వీలు లేకుండా చేసుకున్నది మనమే, ఇంక ఎవర్నని ఏం లాభం?

ఆ రోజుల్లో తిమింగలం పాటకి ఆగడమంటే తెలీదు. పొద్దున్నే మొదలుపెడితే ఎండెక్కేదాకా సాగేది. పాటంటే మరేమీ లేదు. బళ్లో పంతులుగారు హాజరు పిలుస్తారే, అదీ! మందలో అందరికంటే పెద్దది ఒక్కొక్కరి పేరూ పిలిచేది. పిలిచినవాళ్లు పలికేవాళ్లు.

"నిద్రమొహం!"

"ఓయ్!"

"గుండు!"

"ఓయ్!"

"చుక్కలమ్మ!"

"ఓయ్! ఇక్కడే ఉన్నా!"

"వంకరతోక!"

"ఓయ్, ఓయ్, వస్తున్నా!"

అలా నూటపదహారు పేర్లు. ఒక ఓయ్ అయ్యేలోపే ఇంకో పేరు. సముద్రానికే విసుగొచ్చేది.

"ఏమర్రా, నా అల ఒకటి విరగడానికైనా సందివ్వరా?" అని గొణిగేది.

"ఇవ్వం!" అనేవి తిమింగలాలు. నవ్వుకుంటూ మళ్లీ మొదలుపెట్టేవి.

పేర్లు పిలిచే ఆ పెద్ద తిమింగలాన్ని ఒడ్డు మీది పల్లెవాళ్లు పెద్దప్ప అనేవారు. ఆ పక్క అక్కని అప్ప అంటారు. నలభై గుడిసెల పల్లె అది. దానికి పెద్ద పోలయ్య.

పోలయ్య పొద్దున్నే తెప్ప మీద నిలబడి, తెడ్డుతో దుంగ మీద మూడు దెబ్బలు కొట్టేవాడు. టక్, టక్, టక్. పెద్దప్ప వచ్చేది. నెత్తళ్ల గుంపు చుట్టూ ఒక్క చుట్టు తిరిగి, వాటిని వలలోకి తోలేది.

దానికి బదులుగా పోలయ్య పెద్దప్ప వీపు గీకేవాడు. తెప్ప దుంగలకి గుల్లలు పట్టినట్టే తిమింగలం వీపుకీ పడతాయి. ఒకటే దురద. చేతుల్లేవు కదా మరి! దుంగలు గీకే కత్తితోనే పోలయ్య ఆ గుల్లలు కూడా ఊడగీకేవాడు.

"అక్కడ కాదురా తమ్ముడా, రెక్క కింద. ఆఁ, అక్కడ."

"కదలకప్పా. రెక్క కింద మెత్తగుంటాది, కత్తి దిగిపోతాది."

"నీ కత్తి నన్నేటి సేస్తాదిరా?" అని పెద్దప్ప కళ్లు మూసుకునేది.

ఆ పల్లెలో తాతల నాటి కట్టుబాటు ఒకటి ఉండేది. కడుపులో గుడ్లున్న చేపని పట్టకూడదు. వల లాగగానే పోలయ్య పెళ్లాం తోటమ్మ వచ్చి, చేప పొట్ట బొటనవేలితో నొక్కి చూసేది. గుడ్లు తగిలితే, "గుడ్డుంది, వొగ్గేయండి" అనేది. అంతే, చేపల్ని నీళ్లలోకి వదిలేసి వల చుట్టేసేవారు. ఆ పూట ఇంటిల్లిపాదీ గంజి తాగి పడుకోవాల్సి వచ్చినా సరే, తోటమ్మ మాటకి తిరుగు లేదు.

మంచి కట్టుబాటే. కాకపోతే అది చేపల కోసం పెట్టిన కట్టుబాటు. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి.

ఒక ఏడు పెద్ద తుఫాను వచ్చింది. నలభై గుడిసెల కప్పులూ లేచిపోయాయి. వేరే మందలోని బాగా ముసలి తిమింగలం ఒకటి అదే తుఫానులో చచ్చిపోయి ఒడ్డుకి కొట్టుకొచ్చింది. పల్లెవాళ్లు ఇంట్లో మనిషి పోయినట్టు ఏడ్చారు. పసుపు రాశారు, కొత్త గుడ్డ కప్పారు.

సరిగ్గా అప్పుడే మంచినీళ్ల కోసం ఒక ఓడ అక్కడ ఆగింది. అందులోంచి ఒక వర్తకుడు దిగాడు. అందరూ ఏడుస్తుంటే అతను మాత్రం ఎండకి కారుతున్న కొవ్వుని వేలితో తీసి చూశాడు. దాన్లో వత్తి వేసి వెలిగించాడు. పొగ లేకుండా, తెల్లగా, ఎంచక్కా వెలిగింది.

"పోలయ్యా, మా దేశంలో చలికాలం పొద్దు తొందరగా కుంకుతుంది. దీపాలకి నూనె చాలట్లేదు. ఇలాంటివి ఇంకో నాలుగు పట్టిపెట్టు. బియ్యం, బట్ట, ఇనుము, ఏది కావాలంటే అది ఇస్తాను" అన్నాడు.

పోలయ్య రెండు చెవులూ మూసుకున్నాడు. "అమ్మో! ఆవిడ మా అప్ప బాబూ!"

"మీ అప్ప జోలికి వెళ్లమన్నానా? మిగతావాటి సంగతి అడిగాను. సముద్రంలో చేపలకి కరువా?"

"కడుపున గుడ్లుంటేనో?"

"కోసి చూడు. గుడ్లుంటే మానెయ్."

పోలయ్యకి అది న్యాయంగానే తోచింది. ఆశపడ్డవాడికి ఏ మాటైనా న్యాయంగానే తోస్తుంది.

వర్తకుడు కొక్కేలున్న ఇనప బల్లేలు ఇచ్చాడు. ప్రతి బల్లేనికీ ఒక పొడుగాటి తాడు. మొదట దొరికింది నిద్రమొహం. పాపం, అందరికంటే ఒడ్డుకి దగ్గరగా పడుకునేది వాడే. తెప్ప పక్కకొచ్చినా కళ్లు తెరవలేదు. వీపు గీకడానికి వచ్చారనుకున్నాడు. రెక్క కింద ఎక్కడ మెత్తగా ఉంటుందో గీకిన చేతికి బాగా తెలుసు.

ఒడ్డుకి లాక్కొచ్చి కోశాక, తోటమ్మ మోచేతిదాకా చెయ్యి పెట్టి వెతికింది.

"గుడ్డు నేదు" అంది.

హమ్మయ్య అనుకున్నారు అందరూ. కట్టుబాటు తప్పలేదు! ఆ సాయంత్రం పది గుడిసెలకి కొత్త కప్పులు పడ్డాయి.

మర్నాడు పొద్దున్న పెద్దప్ప పాట ఎత్తుకుంది.

"నిద్రమొహం!"

పలుకు లేదు. వాడి పడకే అంత అనుకుని, కాసేపు చూసి పెద్దప్ప తర్వాతి పేరు పిలిచింది. పాటలో పడ్డ మొదటి సందు అదే. సముద్రం ఆ సందులో ఒక అలని విరగ్గొట్టుకుంది. సంతోషపడింది కూడా, సంగతి తెలీక.

తర్వాత గుండు. తర్వాత వంకరతోక. కోసిన ప్రతిసారీ తోటమ్మ చెయ్యి పెట్టి వెతికేది. "గుడ్డు నేదు" అనేది. నలభై గుడిసెలకీ కప్పులు పడ్డాయి. అప్పుడైనా ఆగారా? కప్పులయ్యాక గోడలు. గోడలయ్యాక ఆడవాళ్ల చేతులకి వెండి మురుగులు. ఓడలు కూడా ఒకటి పోయి మూడయ్యాయి.

"మళ్లీ ఏటికి ఇంతకింత పుడతాయిలే" అనుకునేవారు వాళ్లు. చేపలైతే నిజంగానే పుట్టేవి. ఒక్కో చేప లక్ష గుడ్లు పెడుతుంది. కానీ మళ్లీ ఏడు వచ్చింది, వెళ్లింది, పాటలో సందులు మాత్రం పూడలేదు.

ఒకరోజు చుక్కలమ్మని కోశారు. తోటమ్మ అలవాటుగా చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి అలాగే ఉండిపోయింది. లోపల గుడ్లు లేవు. నిండుగా, వెచ్చగా ఒక బిడ్డ ఉంది. తోకా రెక్కలూ అన్నీ వచ్చేసిన బిడ్డ. ఇసుక మీద నెత్తురుతోపాటు తెల్లగా పాలు కారుతున్నాయి.

తోటమ్మ వెనక్కి పడి కూర్చుండిపోయింది. "ఇది సేప కాదర్రా! తల్లి! మనం ఇన్నాళ్లూ తల్లుల కడుపుల్లో గుడ్లు ఎతికినాం!"

పక్కనే నిలబడ్డ వర్తకుడు తాపీగా అడిగాడు. "గుడ్డుందా, లేదా? అది చెప్పు."

అందరూ పోలయ్య వైపు చూశారు. పోలయ్య నేల వైపు చూశాడు.

"గుడ్డయితే నేదు" అన్నాడు.

తెలియక చేసింది తప్పు. తెలిశాక ఆ మాట అన్నాడు చూశారూ, దానికి నేను పేరు పెట్టలేను. తోటమ్మ ఆ రోజునుంచి కోతకి రావడం మానేసింది. వెతికేవాళ్లు లేకపోతే ఇంకా సులువే అయింది వాళ్లకి.

సముద్రానికి సంగతి అర్థమైంది. ఒడ్డుకి పోయిన అలలు ఎర్రబడి తిరిగొస్తుంటే అర్థం కాకేం! వెళ్లి పెద్దప్పతో చెప్పింది.

"పోలయ్యా? వాడు నా తమ్ముడు. చాడీలు చెప్పకు" అని కసిరింది పెద్దప్ప. అయినా మనసు ఆగలేదు. ఒడ్డుకొచ్చి పోలయ్యనే అడిగింది.

"తమ్ముడా, మావోళ్లు కనపడ్డం నేదురా. పిలిస్తే పలకటం నేదు. నువ్వేటైనా సూసినావా?"

పోలయ్య వల సర్దుకుంటూ అన్నాడు, "దూరం మేతకెల్లుంటారప్పా."

"సెప్పకుండా ఎల్లరే! సర్లే, నువ్వన్నావంటే అంతే అయ్యుంటాది." పెద్దప్ప కాస్త పక్కకి జరిగింది. వెనకనుంచి ఒక చిన్న తల బుడుంగున పైకి లేచింది. "నా గుంట. బుడగ అని పేరెట్టినాను. నువ్వు మేనమామవి కదా, సూపిద్దామని తెచ్చినాను."

బుడగ పోలయ్య మొహం మీదికి ఫూ అని నీళ్లు ఊదింది. ఒళ్లంతా తడిసిపోయి నిలబడ్డాడు మేనమామ. ఆ క్షణంలో నిజం చెప్పేసినా బావుండేది. చెప్పలేదు.

వారం తిరగ్గానే వర్తకుడు వచ్చాడు. మూడో ఓడ సగమే నిండింది. మందలో మిగిలినవాళ్లు బెదిరి లోతుకి జరిగిపోయారు.

"ఆ మూడు దెబ్బలు కొట్టు పోలయ్యా. అప్పా పిల్లా కలిసి వస్తాయి. ముందు పిల్లని కొడితే తల్లి ఎక్కడికీ పోదు, అక్కడక్కడే తిరుగుతుంది. పని తేలిక" అన్నాడు.

పోలయ్య చెయ్యి వణికింది. వణికిందని గొప్పగా చెప్పుకునేవాడట తర్వాత. వణికితే ఏం? తెడ్డు కింద పడలేదుగా! టక్, టక్, టక్.

పెద్దప్ప వచ్చింది. బుడగ ఎగురుకుంటూ ముందే వచ్చింది, మేనమామ పిలిచాడని.

వర్తకుడితోపాటు తెప్పెక్కిన ఓడ మనుషులు బల్లెం విసిరారు. బుడగ "అమ్మా" అంది. ఇంకోసారి అనలేదు.

వర్తకుడు చెప్పినట్టే పెద్దప్ప ఎక్కడికీ పోలేదు. తాడుకి వేలాడుతున్న బిడ్డ చుట్టూ తిరిగింది. ముక్కుతో ఎత్తింది. పాలు తాగమని పక్కకి ఒత్తిగిల్లి పడుకుంది. నీళ్ల మీద పాలు తెల్లగా పరుచుకున్నాయి. రెండో బల్లెం ఎత్తారు.

అప్పుడు ఒడ్డునుంచి తోటమ్మ పరుగెత్తుకొచ్చింది. పీకల్లోతు నీళ్లలో ఈదుకుంటూ వచ్చి, గుల్లలు గీకే ఆ కత్తితోనే తాడు కోసేసింది.

"పో అప్పా! నీ బిడ్డని తీసుకుని పో! మా మొకాలు సూడకు!" అని అరిచింది.

పెద్దప్ప బుడగని వీపు మీదికి ఎత్తుకుంది. తోక లేపింది. ఆ తోక నీడ తెప్ప మొత్తాన్నీ కప్పేసింది. ఒక్క దెబ్బ చాలు, తెప్పా పోలయ్యా వర్తకుడూ పిండి పిండి. పోలయ్య కళ్లు మూసుకున్నాడు.

దెబ్బ పడలేదు. చెవి పక్కన పెద్దప్ప గొంతు మెల్లగా వినిపించింది.

"నువ్వు పిలిస్తే వొచ్చినాన్రా, తమ్ముడా."

కళ్లు తెరిచేసరికి నీళ్లు ఖాళీ.

మర్నాడు పోలయ్య మూడు దెబ్బలు కొట్టాడు. ఆ మర్నాడూ కొట్టాడు. నెత్తళ్లని తోలేవాళ్లు లేక వలలు ఒట్టివే పైకొచ్చాయి. వెండి మురుగులు ఒక్కొక్కటే బియ్యం కింద పోయాయి. వర్తకుడికేం, ఓడలు తిప్పుకుని ఇంకో ఒడ్డుకి పోయాడు. అక్కడా ఒక పోలయ్య దొరికాడు. ఆ పక్క ఒడ్డునా దొరికాడు. దీపాలు మాత్రం దేదీప్యమానంగా వెలిగాయట.

బుడగని వీపు మీద మోసుకుంటూ పెద్దప్ప పదిహేడు రోజులు ఈదింది. ఒడ్డు అనేదే కనపడని చోట, నీళ్లు నల్లగా ఉండే చోట, బిడ్డని సముద్రం చేతిలో పెట్టింది. పొద్దున్నే పాట ఎత్తుకుంది. నూటపదహారు పేర్లూ, చివర్లో బుడగ పేరూ. పదకొండు ఓయ్‌లు వచ్చాయి.

సముద్రం ఏడ్చింది. "తల్లీ, పలకనివాళ్ల పేర్లు వదిలెయ్యవే. పాట చిన్నదవుతుంది. నీకు తేలికవుతుంది."

"నేను కూడా పిలవకపోతే, వాళ్లు పుట్టినట్టు ఇంకెవరికి తెలుస్తాది?" అంది పెద్దప్ప.

"నా అలలకి సందు కావాలని ఎప్పుడో అడిగానే, అది వెనక్కి తీసుకుంటాను. ఈ సందులు నాకొద్దు" అంది సముద్రం.

కానీ వాటిని పూడ్చడం సముద్రం వల్ల కూడా కాలేదు. తిమింగలం రెండు మూడేళ్లకి ఒక్క బిడ్డని కంటుంది. ఏడాదిపాటు మోసి కంటుంది. పాలిచ్చి పెంచుతుంది. పోలయ్యలు ఒక పూటలో చేసిన సందు ఒక్కటి పూడాలన్నా ఏళ్లు పడుతుంది. వాళ్లు చేసింది ఒకటా, రెండా!

అప్పటినుంచే తిమింగలం ఒడ్డుకి దూరంగా, లోతు నీళ్లలో బతుకుతోంది. ఊపిరి కోసం పైకొచ్చినా బుస్సున ఊది, వెంటనే మునిగిపోతుంది. అప్పటినుంచే తిమింగలం పాట ఆగి ఆగి సాగుతోంది. నడిసముద్రంలో పడవ అడుగు చెక్కకి చెవి ఆనిస్తే ఇప్పటికీ వినపడుతుందంటారు. ఒక పిలుపు, తర్వాత నిశ్శబ్దం. ఇంకో పిలుపు, మళ్లీ నిశ్శబ్దం. అన్నింటికంటే పొడుగ్గా, పాట అయిపోయిందేమో అనిపించేటంత పొడుగ్గా, చివర్లో ఒక నిశ్శబ్దం ఉంటుంది. అప్పుడే చెవి తీసెయ్యకండి. పెద్దప్ప బుడగని పిలిచి, పలుకుతుందేమోనని చూస్తోంది.